దీపం వెలుగుతుంది, బొమ్మ రాదు, మాట రాదు

"టీవీ ఆన్ అవుతోంది గానీ ఏమీ రావడం లేదు" అని ఎవరైనా చెప్పినప్పుడు నేను మొదట అడిగేది, ఆన్ అవుతోందని మీకెలా తెలిసింది అని. దాదాపు అందరి జవాబూ ఒకటే: కింద చిన్న దీపం వెలుగుతోంది కదా అంటారు. ఆ దీపం చెప్పేది చాలా తక్కువ. వీధి గుమ్మంలో లైటు వెలుగుతున్నంత మాత్రాన ఇంట్లో మనుషులున్నారని చెప్పలేము. టీవీ అంచున ఎర్రటి చుక్క వెలిగినంత మాత్రాన లోపల పని మొదలైందనీ చెప్పలేము. గోడ సాకెట్ నుంచి కరెంటు సెట్‌లోకి చేరుతోందని, పవర్ సప్లైలో ఒక చిన్న భాగం పనిచేస్తోందని మాత్రమే దానివల్ల తెలుస్తుంది. బొమ్మకూ శబ్దానికీ కావలసిన పెద్ద భాగాలు అప్పటికి ఇంకా మేలుకోకపోయి ఉండవచ్చు, లేదా మేలుకోబోయి మధ్యలోనే ఆగిపోయి ఉండవచ్చు.

చాలా టీవీల్లో పవర్ సప్లై రెండు అంచెలుగా పనిచేస్తుంది. ప్లగ్గు పెట్టి స్విచ్ వేయగానే పనిలోకి దిగేది స్టాండ్‌బై భాగం. అది సాధారణంగా 5 వోల్టులో 3.3 వోల్టులో తయారుచేసి, రిమోట్ సంకేతం కోసం కనిపెట్టుకుని ఉండే చిన్న సర్క్యూట్‌కూ ఆ దీపానికీ అందిస్తుంది. మనం పవర్ బటన్ నొక్కగానే మెయిన్ బోర్డు నుంచి పవర్ బోర్డుకు ఒక సంకేతం వెళ్తుంది; అప్పుడే పెద్ద సప్లై మొదలై 12 వోల్టులు, కొన్ని సెట్లలో 24 వోల్టులు కూడా ఇస్తుంది. ఆ కరెంటు అందుకున్న ప్రాసెసర్ తన మెమరీలోని సాఫ్ట్‌వేర్‌ను చదువుకుంటూ బూట్ అవుతుంది. తర్వాత తెర వెనుక ఉండే దీపాలు, అంటే బ్యాక్‌లైట్, వెలిగించమని మరో సంకేతం వెళ్తుంది, బొమ్మను చూపే ప్యానెల్‌ను నడిపించే టీ-కాన్ బోర్డుకు కరెంటు చేరుతుంది, స్పీకర్ల ఆంప్లిఫయర్ సిద్ధమవుతుంది. తెర మీద లోగో కనిపించే సమయానికి ఇవన్నీ జరిగిపోయి ఉంటాయి. సెట్‌టాప్ బాక్స్ నుంచో గేమ్ కన్సోల్ నుంచో వచ్చే బొమ్మ వంతు ఆ తర్వాతే వస్తుంది.

ఈ వరుస ఎక్కడ తెగిందో కనిపెట్టడమే అసలు పని అని నా అభిప్రాయం. బొమ్మ లేదు, శబ్దం లేదు అన్న మాట ఒకటే అయినా, లోగో వచ్చి ఆగిపోయిన టీవీకీ, దీపం రంగు కూడా మారని టీవీకీ పోలిక లేదు. మొదటిదానిలో పవర్ సప్లై, బ్యాక్‌లైట్, ప్యానెల్ అన్నీ బాగానే ఉన్నాయని ఆ లోగోయే సాక్ష్యం చెబుతోంది. రెండోదానిలో ఇవేవీ పరీక్షకు రాలేదు. అందువల్ల కేబుళ్లు పీకి మళ్లీ పెట్టడం, సెట్టింగులు మార్చడం వంటి పనులకు ముందు, టీవీ ఇప్పటికీ ఏయే పనులు చేస్తోందో కాసేపు ఓపికగా గమనించాలి.

గది చీకటి చేసి చూస్తే మంచిది. పవర్ బటన్ నొక్కిన తర్వాత దీపం ఎరుపు నుంచి మరో రంగుకు మారుతుందా, ఆరిపోతుందా, అలాగే ఉంటుందా, లేక ఒక లయలో మిణుకుమంటుందా అన్నది చూడాలి; కొన్ని మోడళ్లలో టీవీ నడుస్తున్నప్పుడు దీపం ఆరిపోవడమే మామూలు కాబట్టి మంచి రోజుల్లో అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. సెట్ వెనుక చెవి పెడితే కొన్నింటిలో రిలే (సంకేతం అందగానే తనంతట తానే పడే స్విచ్) 'టక్' మని ఒకసారి మోగుతుంది. అదే 'టక్ టక్' మని ఆగి ఆగి మోగుతూ ఉంటే, పెద్ద సప్లై మొదలవబోయి మళ్లీ మళ్లీ విఫలమవుతోందని అర్థం. తెర విషయానికి వస్తే, పూర్తి నలుపుకూ, వెనుక కాంతి ఉన్న నలుపుకూ తేడా చీకట్లో ఇట్టే తెలిసిపోతుంది. రెండోది బొగ్గులా ఉండదు, బూడిద రంగు పులిమినట్లు ఉంటుంది, అంచుల దగ్గర కొంచెం ఎక్కువ వెలుగు కూడా కనిపిస్తుంది. ఆ బూడిద నలుపు కనబడిందంటే బ్యాక్‌లైట్ వెలుగుతోంది, కాబట్టి అనుమానం దాన్ని దాటి ముందుకు వెళ్లాలి. తెర ఒక్క క్షణం వెలిగి వెంటనే నల్లబడితే, బ్యాక్‌లైట్‌లోని ఎల్‌ఈడీ పట్టీల్లో ఏదో తేడా చూసి వాటిని నడిపే డ్రైవర్ సర్క్యూట్ తనంతట తానే ఆపేసిందని ఎక్కువ సందర్భాల్లో అనుకోవచ్చు.

ఈ గమనింపు అయ్యాక చేయవలసిన మొదటి పరీక్ష మెనూ బటన్. దీనికి పనిముట్లు అక్కరలేదు, చదువు అక్కరలేదు, అయినా సమస్యను నిట్టనిలువునా రెండుగా చీల్చే పరీక్ష ఇదే. మా బాబాయి ఇదే ఫిర్యాదుతో ఫోన్ చేసినప్పుడు ఆయన అప్పటికే కేబుళ్లన్నీ ఊడదీసి కూర్చున్నారు. "బాబాయ్, అవన్నీ పక్కన పెట్టు. టీవీ రిమోట్ తీసుకుని మెనూ నొక్కు. సెట్‌టాప్ బాక్స్ రిమోట్ కాదు, టీవీది" అన్నాను. కాసేపటికి, "వచ్చిందిరా, మూల నుంచి ఏవో గీతలు, పేర్లు వచ్చాయి" అన్నారు. అక్కడితో టీవీ లోపలి భాగాల మీద అనుమానం దాదాపు తీరిపోయింది. మెనూను టీవీ తానే తయారుచేసుకుంటుంది, బయటి పరికరంతో దానికి సంబంధం లేదు. అది తెర మీద స్పష్టంగా కనిపించిందంటే సప్లై, ప్రాసెసర్, టీ-కాన్, ప్యానెల్, బ్యాక్‌లైట్ అన్నీ పనిచేస్తున్నాయి. మిగిలింది బయటి నుంచి సంకేతం రావడం మాత్రమే.

మెనూ వచ్చే సందర్భం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బొమ్మా శబ్దమూ రెండూ ఒకేసారి పోవడానికి ఇక్కడ ఒక సహజమైన కారణం ఉంది. పూర్వం పసుపు, తెలుపు, ఎరుపు తీగలు వాడినప్పుడు బొమ్మ పసుపు తీగలో, శబ్దం మిగతా రెండింటిలో వెళ్లేవి కాబట్టి ఒకటి పోయినా మరొకటి వినిపించేదో కనిపించేదో. హెచ్‌డీఎంఐలో ఆ రెండూ ఒకే కేబుల్‌లో, ఒకే ప్రవాహంలో ప్రయాణిస్తాయి. ఆ ప్రవాహం మొదలవ్వాలంటే ముందు రెండు పరికరాల మధ్య ఒక సంభాషణ జరగాలి. కనెక్టర్‌లోని 19 పిన్నుల్లో 18వ దాని మీదుగా బాక్స్ 5 వోల్టులు పంపుతుంది. టీవీ 19వ పిన్ ద్వారా 'నేనున్నాను' అని తెలుపుతుంది. తర్వాత టీవీ తనకు ఏ రిజల్యూషన్లు, ఏ ఆడియో పద్ధతులు తెలుసో చెప్పే ఈడీఐడీ అనే చిన్న పట్టికను బాక్స్ చదువుకుంటుంది. కాపీరైట్ ఉన్న కార్యక్రమమైతే కాపీని అడ్డుకునే హెచ్‌డీసీపీ తాళాలు కూడా సరిపోలాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా బొమ్మా శబ్దమూ కలిసే పోవచ్చు. టీవీ కొన్నిసార్లు 'నో సిగ్నల్' అంటుంది, కొన్నిసార్లు ఆ మాట కూడా చెప్పకుండా నల్లగా ఉండిపోతుంది.

అందుకే హెచ్‌డీఎంఐ సమస్యకు తొలి వైద్యం ఆ సంభాషణను మొదటి నుంచి జరిపించడం. రెండు పరికరాలనూ రిమోట్‌తో కాక గోడ దగ్గరే ఆపి, కేబుల్‌ను రెండు చివరలా తీసి మళ్లీ పెట్టి, ముందు టీవీని ఆన్ చేసి సరైన ఇన్‌పుట్ ఎంచుకుని, ఆ తర్వాత బాక్స్‌కు కరెంటు ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే కేబుల్‌ను మరో పోర్టుకు మార్చాలి. ఇన్‌పుట్ ఎంపికను కూడా దానితోపాటు మార్చాలి. ఈ రెండో సగాన్ని ఎంతమంది మరచిపోతారో చెప్పలేను. పిడుగులు పడిన రాత్రి తర్వాత ఒక పోర్టు మాత్రమే చచ్చిపోయి మిగతావి బాగానే ఉండటం అరుదేమీ కాదు, ఎందుకంటే యాంటెన్నా తీగ మీదుగానో డిష్ తీగ మీదుగానో బాక్స్‌లోకి దూరిన కరెంటు ఉరవడి హెచ్‌డీఎంఐ గుండా టీవీని తాకుతుంది. ఒక పోర్టు పోయినంత మాత్రాన సెట్‌ను మార్చనక్కరలేదు.

రిజల్యూషన్ తగాదా మరొకటి ఉంది. కొత్త టీవీ దగ్గర 4కే 60 హెర్ట్జ్‌కు (అంటే సెకనుకు 60 ఫ్రేములకు) అమర్చిన బాక్స్‌ను పడకగదిలోని పాత టీవీకి తగిలిస్తే, ఆ పాత పోర్టుకు అంత ప్రవాహాన్ని అందుకునే శక్తి ఉండకపోవచ్చు. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4లో 4కే సెకనుకు 30 ఫ్రేముల వరకే వెళ్తుంది. 60 ఫ్రేములు 2013 నాటి 2.0తోనే సాధ్యమయ్యాయి. చాలా బాక్సులు ఈడీఐడీ చూసి తమంతట తామే తగ్గుతాయి గానీ, సెట్టింగును బలవంతంగా ఒకచోట బిగించి పెట్టినవి తగ్గవు. అటువంటప్పుడు బాక్స్‌ను మళ్లీ ఆ కొత్త టీవీకే తగిలించి రిజల్యూషన్‌ను 1080కో 720కో తగ్గించి తీసుకురావాలి. కొన్ని బాక్సుల రిమోట్‌లో చూడకుండానే రిజల్యూషన్ మార్చే బటన్ ఉంటుంది. అలాగే 4కే కార్యక్రమాలు అడిగే హెచ్‌డీసీపీ 2.2 లేని పాత సౌండ్‌బార్ మధ్యలో ఉంటే, దాన్ని తప్పించి బాక్స్‌ను నేరుగా టీవీకి కలిపి చూడటం మంచిది.

ఇక మెనూ రాని సందర్భం. ఇది బరువైన సగం. ఇక్కడ కూడా ముందు రిమోట్ నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలి, లేకపోతే పైన చెప్పిన పరీక్షకు విలువే లేదు. మామూలు రిమోట్ 940 నానోమీటర్ల దరిదాపు పరారుణ కాంతిని పంపుతుంది. అది కంటికి కనిపించదు గానీ ఫోన్ కెమెరాకు లేత ఊదారంగు మెరుపులా కనిపిస్తుంది. వెనుక కెమెరాల్లో దీన్ని ఆపే ఫిల్టర్ ఉండవచ్చు కాబట్టి సెల్ఫీ కెమెరాతో చూడాలి. బ్లూటూత్‌తో పనిచేసే కొత్త రిమోట్లలో చాలా బటన్లకు ఈ మెరుపు రాదన్నది కూడా మనసులో పెట్టుకోవాలి. అన్నిటికన్నా నమ్మకమైనది సెట్ మీదే ఉండే బటన్, అది కింది అంచు మధ్యలోనో వెనుక కుడి మూలనో వేలికి తగులుతుంది.

రిమోట్ బాగుందని తేలాక, బటన్ నొక్కినప్పుడల్లా టీవీ దీపం చిన్నగా మిణుకుమంటోందా అని చూడాలి. చాలా సెట్లు ఆజ్ఞ అందిందనడానికి అలా గుర్తు ఇస్తాయి. ఆపై పవర్ నొక్కితే వెంటనే పద్ధతిగా ఆగిపోతుందా? ఆగితే ప్రాసెసర్ మాట వింటోందన్నమాట, అంటే అది బూట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. ఎంత నొక్కినా చలనం లేకపోతే అది మధ్యలో ఎక్కడో బిగుసుకుపోయింది. స్మార్ట్ టీవీ అయితే మరో మంచి సాక్ష్యం ఉంది: అదే వైఫైలో ఉన్న ఫోన్ తీసి, వీడియోను తెరకు పంపే గుర్తును నొక్కితే ఆ జాబితాలో మీ టీవీ పేరు కనిపిస్తుందా అని చూడండి. కొన్ని మోడళ్లు స్టాండ్‌బైలో కూడా నెట్‌వర్క్‌లో ఉంటాయి కాబట్టి ఇది పూర్తి రుజువు కాదు. అయినా నల్లటి తెర వెనుక సాఫ్ట్‌వేర్ చక్కగా నడుస్తోందని ఈ చిన్న పరీక్షతో బయటపడిన సెట్లు ఉన్నాయి, మెకానిక్ వచ్చి మెయిన్ బోర్డు పోయిందని అన్నప్పుడు ఈ విషయం చెప్పగలిగితే సంభాషణే మారిపోతుంది.

బిగుసుకుపోయిన ప్రాసెసర్‌కు కరెంటు పూర్తిగా తీసేయడమే మందు. రిమోట్‌తో ఆపడం దీనికి చాలదు. త్వరగా మొదలవడం కోసం ఈనాటి టీవీలు చాలావరకు పూర్తిగా ఆగవు, చిక్కుకుపోయిన స్థితినే మెమరీలో దాచుకుని తర్వాత అక్కడి నుంచే మొదలుపెడతాయి. ప్లగ్గును సాకెట్ నుంచి ఊడదీసి, సెట్ మీది పవర్ బటన్‌ను అర నిమిషం పాటు నొక్కి పట్టుకుని, తర్వాత కొన్ని నిమిషాలు ఆగాలి. కరెంటును నిల్వ చేసే కెపాసిటర్లలో మిగిలిన చార్జి ఇలా తరిగిపోతుంది. ఈలోగా హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ, మెమరీ స్టిక్, అన్నీ తీసేయాలి. ఒక చెడిపోయిన పెన్‌డ్రైవ్ బూట్‌ను ఆపేయగలదు, షార్ట్ అయిన యూఎస్‌బీ పరికరం సప్లైని లాగేయగలదు. తిరిగి పెట్టేటప్పుడు పొడిగింపు బోర్డునూ స్టెబిలైజర్‌నూ తప్పించి నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి. స్టాండ్‌బైకి సరిపోయే కరెంటును ఇచ్చే వదులు సాకెట్, పెద్ద సప్లై ఒక్కసారిగా లాగినప్పుడు చేతులెత్తేయడం నిజంగా జరుగుతుంది, దీపం మాత్రం ఏమీ ఎరగనట్లు వెలుగుతూనే ఉంటుంది.

ఇది కూడా ఫలించకపోతే టార్చి పరీక్ష. టీవీని ఆన్ చేసి, గది చీకటి చేసి, టార్చి వెలుగును తెరకు దగ్గరగా పెట్టి ఏటవాలుగా పడేలా పట్టుకోవాలి. నేరుగా పడితే అద్దం మీది మెరుపు తప్ప ఏమీ కనిపించదు. మెనూ బటన్ నొక్కుతూ, కాంతి పడిన చోటు చుట్టూ నెమ్మదిగా చూడాలి. పాత ఫొటో నెగెటివ్ అంత మసకగా అక్షరాలు, చతురస్రాలు కదులుతూ కనిపిస్తే ప్యానెల్ మీద బొమ్మ తయారవుతూనే ఉంది. దాని వెనుక దీపాలే వెలగడం లేదు. ఎల్‌సీడీ ప్యానెల్ సొంతంగా కాంతిని ఇవ్వదు, వెనుక నుంచి వచ్చేదాన్ని ఎక్కడెంత వదలాలో నిర్ణయిస్తుంది, అంతే. ఓఎల్‌ఈడీ టీవీల్లో ఒక్కో చుక్కా తానే వెలుగుతుంది కాబట్టి అక్కడ ఈ పరీక్షకు అర్థం లేదు.

అయితే బ్యాక్‌లైట్ పోతే శబ్దం ఎందుకు పోతుందని ఎవరైనా అడగవచ్చు. మామూలుగా పోదు, అదే ఇక్కడి కీలకం. 'రెండూ లేవు' అని చెప్పిన చాలా సందర్భాల్లో, వెతికితే రెండు వేర్వేరు కారణాలు బయటపడతాయి, లేదా ఒకటి మాత్రమే నిజంగా పోయి ఉంటుంది. శబ్దాన్ని ఒకప్పుడు సౌండ్‌బార్‌కో బ్లూటూత్ స్పీకర్‌కో మళ్లించి, ఆ పరికరం ఇప్పుడు ఆగి ఉంటే టీవీ స్పీకర్లు మూగగా ఉంటాయి. హెడ్‌ఫోన్ రంధ్రంలో విరిగిన పిన్ను ఇరుక్కున్నా అంతే. మ్యూట్ నొక్కి ఉండవచ్చు, తెర కనబడనప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇంకో చిత్రమేమిటంటే, తెరను ఆపి పాటలు మాత్రమే వినేందుకు కొన్ని టీవీల్లో 'పిక్చర్ ఆఫ్' అనే సదుపాయం ఉంటుంది. అది పడి, దానికి మ్యూట్ కూడా తోడైతే సెట్ అచ్చంగా చచ్చిపోయినట్లే కనిపిస్తుంది. చాలా సెట్లలో దాదాపు ఏ బటన్ నొక్కినా తెర తిరిగి వచ్చేస్తుంది గనుక దీనికి భయపడనక్కరలేదు. కాబట్టి చీకట్లో వాల్యూమ్ పెంచి, యాప్ ఏదైనా ఊహించి తెరిచి, చెవి స్పీకర్ దగ్గర పెట్టి ఒకసారి వినాలి. సన్నగా ఏదైనా వినిపించిందా, ప్రాసెసర్, ఆంప్లిఫయర్, 12 వోల్టుల సప్లై మీద అనుమానం అక్కరలేదు. అప్పుడు దారి నేరుగా బ్యాక్‌లైట్ వైపు, లేదా టీ-కాన్ వైపు వెళ్తుంది.

టార్చిలో ఏమీ లేదు, శబ్దమూ లేదు, దీపం మాత్రం లెక్కగా మిణుకుమంటోంది అంటే టీవీ తన జబ్బు తానే చెబుతోంది. ఎన్నిసార్లు మిణుకుమని ఆగుతోందో, ఆ లెక్క మళ్లీ అదే వస్తోందో గమనించి రాసుకోవాలి. సప్లై, బ్యాక్‌లైట్, ప్యానెల్, ఫ్యాను వంటి ఒక్కో లోపానికి తయారీదారు ఒక్కో అంకె కేటాయిస్తాడు. ఆ అంకెల అర్థం ఒక్కో కంపెనీకీ, ఒకే కంపెనీలో ఒక్కో మోడల్‌కూ మారుతుంది కాబట్టి పొరుగింటి టీవీ లెక్కను మన టీవీకి పెట్టుకోకూడదు. లోగో వచ్చి, ఆరి, మళ్లీ లోగో వచ్చే తిరకాసు దీనికి భిన్నం. అది సాఫ్ట్‌వేర్ చెడటమో, ఆ సాఫ్ట్‌వేర్ ఉండే మెమరీ చిప్పు అరగడమో అయి ఉండవచ్చు. మోడల్‌కు సరిగ్గా సరిపోయే సాఫ్ట్‌వేర్‌ను తయారీదారు సైట్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని ఎక్కించే పద్ధతి చాలా సెట్లలో ఉంది. చిప్పే అరిగిపోతే ఆ పని మధ్యలో ఆగిపోతుంది.

వెనుక మూత తీయాలా వద్దా అన్న ప్రశ్నకు నా సమాధానం ఎప్పుడూ సూటిగానే ఉంటుంది: మల్టీమీటర్ వాడటం, దానికి మించి ఎక్కడ చేయి పెట్టకూడదో తెలిసినవారు తప్ప మిగతావారు తీయకూడదు. పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు మించిన చార్జి ఉంటుంది, ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. డబ్బాలాంటి పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో సంగతి మరీ ప్రమాదం, రంగుల ట్యూబుకు అందే వోల్టేజీ పాతిక వేల దరిదాపుల్లో ఉంటుంది, ట్యూబు దాన్ని పట్టి ఉంచుకుంటుంది కూడా. వారంటీ ఉన్న సెట్‌కైతే ఈ చర్చే అనవసరం.

అయినా లోపల ఏం చూస్తారో తెలిసి ఉండటం మంచిదే, ముఖ్యంగా ఫ్యూజ్ గురించి. దీపం వెలుగుతోందంటే మెయిన్ ఫ్యూజ్ బాగుందనే, ఎందుకంటే స్టాండ్‌బై కరెంటు కూడా దాని గుండానే వస్తుంది. దీపం వెలుగుతున్న టీవీకి మెయిన్ ఫ్యూజ్ మార్చాలని ఎవరైనా చెబితే, ఏ ఫ్యూజ్ అని అడగడంలో తప్పులేదు; టీ-కాన్ బోర్డు మీద ఉండే చిన్న ఫ్యూజ్ అయితే అది వేరే విషయం, నిజమే కావచ్చు. పద్ధతిగా చూసేవారు ముందు కళ్లతో కెపాసిటర్ల తలలు చూస్తారు. చదునుగా ఉండవలసిన పైభాగం ఉబ్బినా, గోధుమ రంగు పెచ్చు కట్టినా అది పోయినట్లే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా సుమారు సగానికి తగ్గుతుందని లెక్క, అందుకే గాలి ఆడని అల్మరాలో బిగించిన టీవీల్లో ఈ జబ్బు ముందుగా వస్తుంది.

తర్వాత మీటర్‌తో వరుసగా కొలుస్తారు: స్టాండ్‌బై వోల్టులు ఉన్నాయా, ఆన్ సంకేతం వస్తోందా, దానికి జవాబుగా 12 వోల్టులు వస్తున్నాయా అని. సంకేతం వచ్చినా 12 రాకపోతే పవర్ బోర్డు తప్పు, సంకేతమే రాకపోతే మెయిన్ బోర్డు తప్పు. ఒక మెలిక ఉంది: ప్యానెల్‌లోనో టీ-కాన్‌లోనో షార్ట్ ఉంటే అది 12 వోల్టులను లాగేసి మొత్తం సెట్‌ను పడగొడుతుంది. అప్పుడు కరెంటు తీసేసి, మెయిన్ బోర్డు నుంచి టీ-కాన్‌కు వెళ్లే పట్టీ కేబుల్‌ను ఊడదీసి మళ్లీ ఆన్ చేస్తారు. బ్యాక్‌లైట్ వెలిగి, స్పీకర్లలో మాట వినిపిస్తే, బొమ్మనూ శబ్దాన్నీ కలిపి చంపింది ఆ కేబుల్ అవతలి వైపే ఉందని తేలిపోతుంది. నాకు ఈ పరీక్ష ఎంతో ఇష్టం, ఒక తీగ తీసినందుకు టీవీ మాట్లాడటం మొదలుపెడుతుంది.

మరమ్మతు చేయించాలా వద్దా అన్నది ఈ నిర్ధారణ మీదే ఆధారపడుతుంది. టీవీలో అన్నిటికంటే ఖరీదైనది ప్యానెల్, అది పోతే సాధారణంగా బాగు చేయించడం దండగ. పవర్ బోర్డు, మెయిన్ బోర్డు, టీ-కాన్, ఎల్‌ఈడీ పట్టీలు మార్చుకోదగినవే. పట్టీలు మార్చేటప్పుడు కాలిపోయిన ఒక్కదాన్ని కాక మొత్తం జతను మార్పించాలి. ఎల్‌ఈడీలు వరుసగా గొలుసు కట్టి ఉంటాయి, ఒకటి తెగితే ఆ గొలుసంతా ఆరిపోతుంది. మిగతావి కూడా అదే వయసువి, అదే వేడిని భరించినవి. పని అయ్యాక పిక్చర్ సెట్టింగుల్లో బ్యాక్‌లైట్ స్థాయిని పూర్తిగా పెట్టకుండా కొంత తగ్గించి ఉంచుకుంటే కొత్త పట్టీలు ఎక్కువ కాలం మన్నుతాయి. "ప్యానెల్ పోయింది" అని షాపులో చూడగానే చెప్పేవారిని టార్చి వేసి చూశారా, పట్టీ కేబుల్ తీసి చూశారా అని మర్యాదగా అడగవచ్చు. చూసినవారు విసుక్కోకుండా చెబుతారు.

బోర్డు తెప్పించుకునేటప్పుడు టీవీ మోడల్ నంబరు ఒక్కటే చాలదు. ఒకే మోడల్ పేరుతో తయారైన సెట్లలో వేర్వేరు ప్యానెళ్లు ఉంటాయి, మెయిన్ బోర్డులోని సాఫ్ట్‌వేర్ ఏ ప్యానెల్‌కు రాసిందో దానికే సరిపోతుంది. సరిపోని బోర్డు పెడితే తెర తలకిందులుగా రావడం, రంగులు తారుమారు కావడం, లేదా ఏమీ రాకపోవడం జరుగుతాయి. అందుకని మూత తీసిన మనిషి చేత మూడు చోట్ల ఫొటోలు తీయించుకోవాలి: పాత బోర్డు మీది తెల్ల స్టిక్కర్, బోర్డు మీదే అచ్చయిన నంబరు, ప్యానెల్ వెనుక రేకు మీద అతికించిన చీటీ. కొత్త బోర్డు చేతికి వచ్చాక వాటితో అక్షరం అక్షరం సరిచూసి, కనెక్టర్ల స్థానాలు కూడా ఒకటేనని చూసుకున్న తర్వాతే బిగించమనాలి.